ఆకు చదువు – 3వ పాఠం: ఇది ఆకా, ఆకులో ముక్కా?

పోయిన పాఠంలో ఆకులోని భాగాలు చూశాం: పత్రపీఠం (కొమ్మకు అతుక్కునే మొదలు), పత్రవృంతం (కాడ), పత్రదళం (వెడల్పాటి పచ్చటి భాగం). ఈసారి పని ఒక్కటే. చేతిలో ఉన్నది మొత్తం ఆకో, అందులో ముక్కో తేల్చాలి.

వేపకొమ్మ ఒకటి వంచి పట్టుకోండి. మనం వేపాకు అని దూసే రంపపు అంచుల ముక్క మొదట్లో ఏముందో చూడండి. ఏమీ ఉండదు. ఆ ముక్కలన్నీ అతుక్కున్న ఈనె, కొమ్మను కలిసే మూలలో చూడండి. చిన్న మొగ్గ కనిపిస్తుంది. ఆ మూల పేరు గ్రీవం, అందులోది గ్రీవపు మొగ్గ. మొగ్గ ఉన్నచోటే ఆకు మొదలు. అంటే జానెడు పొడవున్న ఆ రెమ్మంతా కలిపి ఒక్కటే ఆకు, సంయుక్త పత్రం. ముక్కలు పత్రకాలు.

కార్తీకం వానలకు దొడ్లో మొలిచే నేల ఉసిరి దీనికి తిరకాసు. చూపుకు అచ్చం చింతాకులా ఉంటుంది. వెనక్కి తిప్పితే ఒక్కో రేకు మొదట్లో ఆవగింజంత కాయ. పువ్వూ కాయా పుట్టేది గ్రీవంలోనే కాబట్టి ఆ రేకులు ఒక్కొక్కటీ పూర్తి ఆకే. ఇక్కడ రెమ్మ నిజంగానే కొమ్మ.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది నిమ్మాకు. మన గూడూరు, పొదలకూరు తోటల్లో రోజూ చేతికి తగిలేదే. ఒకటే దళం కాబట్టి సరళ పత్రం, అంటే పత్రకాలుగా విడిపోని ఆకు అనేస్తాం. కాస్త ఆగి కాడ మీద గోటితో తడమండి. కాడకు రెండు వైపులా సన్నటి రెక్క అంచు ఉంటుంది. కాడా దళమూ కలిసేచోట అడ్డంగా గీత లాంటి కీలు ఉంటుంది. మెల్లగా వంచితే ఆకు సరిగ్గా అక్కడే తెగుతుంది, కాడ కొమ్మకే మిగిలిపోతుంది. మొగ్గ మాత్రం ఆ కీలు దగ్గర ఉండదు. కింద, కొమ్మ మూలలో, ముల్లు పక్కన ఉంటుంది. అందుకే నిమ్మది ఒకే పత్రకమున్న సంయుక్త పత్రం. నమ్మకం కుదరకపోతే దాని చుట్టాలను చూడండి. వెలగాకుకు మామూలుగా ఐదో ఏడో పత్రకాలు, మారేడుకు మూడు, నిమ్మకు ఒకటి. మూడూ రూటేసీ అనే నిమ్మజాతి మొక్కల కుటుంబానివే.

వచ్చే పాఠానికి మునగ. కూరకు దూసే ముందు, గ్రీవపు మొగ్గ దగ్గర నుంచి కొస దాకా ఒక ఆకును స్కేలుతో కొలవండి. మధ్య ఈనె ఎన్నిసార్లు చీలిందో బొమ్మ గీసి ఉంచుకోండి.