ఒండ్రు సాంద్రత ప్రోబు పరీక్షలో తేడా వస్తే: సమస్య, కారణం, పరిష్కారం

రేవు కాలువ అడుగున పేరుకునే పలుచని ఒండ్రులో ఓడ ఎంత లోతు వరకు సాగగలదో దాని సాంద్రతను బట్టి నిర్ణయిస్తారు. రోటర్‌డామ్‌లో ఆ హద్దు ఘనపు మీటరుకు 1,200 కిలోలు. ఆ విలువ దగ్గర పది కిలోల పొరపాటు కూడా పూడికతీత లెక్కలను తారుమారు చేయగలదు కనుక, సాంద్రతను కొలిచే పరికరమైన ప్రోబును సముద్రంలోకి దింపే ముందు బకెట్ బురదలో పరీక్షించడం తప్పనిసరి: అదే బురద నమూనాను కొలజాడీలో (పరిమాణం గుర్తులున్న జాడీలో) పోసి తూచి, ఆ తూకంతో వచ్చిన సాంద్రతను ప్రోబు రీడింగుతో పోల్చాలి. ఇక్కడ చెప్పేదంతా కంపించే శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) తరహా ప్రోబుల గురించి.

సమస్య: ప్రతి బురదలోనూ రీడింగు ఒకే వైపు తప్పుతోంది.

ముందుగా ప్రోబును మంచినీటిలో ముంచి చూడండి. నీరు 20 డిగ్రీల దగ్గర 998, 30 డిగ్రీల దగ్గర 996 చూపాలి. 1,000 చూపాలని ఆశించడమే తప్పు. నీటిలోనే తేడా ఉంటే, దండాల నడుమ ఎండి అంటుకున్న బురద పొరే సాధారణంగా కారణం. నీటిలో నానబెట్టి, మెత్తని బ్రష్షుతో కడిగితే సరిపోతుంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే కాలిబ్రేషన్ గుణకాలను (కంపనాన్ని సాంద్రతగా మార్చే అంకెలను) మార్చి, బాగున్న పరికరాన్ని పాడుచేసుకునేవారు ఎందరో ఉన్నారు. దయచేసి నీటి పరీక్ష ముగిసే వరకు గుణకాలను ముట్టుకోకండి.

సమస్య: బకెట్‌లో రీడింగు నెమ్మదిగా జారిపోతోంది.

బురద బకెట్ అడుగుకు దిగిపోతోంది. కలిపిన వెంటనే కొలిచి, నమూనాను దండాలున్న లోతు నుంచే, అదే సమయంలో తీయండి.

సమస్య: నీటిలో సరిగ్గా ఉంది, బురద బాగా కలిసింది, అయినా కొలజాడీ తూకంతో ప్రోబు ఏకీభవించడం లేదు; మళ్లీ కలిపితే తేడా కూడా మారుతోంది.

ఎక్కువ మందిని దారి తప్పించేది ఇదే. కారణం గాలి. డ్రిల్లుకు తగిలించిన కవ్వంతో వేగంగా కలిపినప్పుడు, గిలకొట్టిన గారెల పిండిలోలాగా బురదలోకి గాలి చేరుతుంది. చిక్కని బురదకు తనదైన పట్టు ఉంటుంది కనుక సన్నని బుడగలు పైకి తేలిరాక లోపలే ఉండిపోతాయి, పైన చూస్తే మాత్రం నున్నగా కనిపిస్తుంది. ఒక శాతం గాలి చేరితే 1,200 ఉండవలసినది 1,188 అవుతుంది. కొలజాడీలో పోసిన నమూనాలోనూ అదే గాలి ఉంటుంది కాబట్టి మనం ప్రమాణంగా నమ్మిన తూకమే తప్పుతుంది. పైగా బుడగలు దండాల కంపనాన్ని వేరే రీతిలో దెబ్బతీస్తాయి కనుక రెండు తప్పులూ ఒకదానికొకటి సరిపోలవు.

నిర్ధారించుకునే పద్ధతి సులువు. ఒక లీటరు ఫ్లాస్కులో 600 గ్రాముల బురద వేసి, కొంత నీరు పోసి, పలుచనయ్యేలా మెల్లగా తిప్పి, బుడగలు పోయేదాకా తట్టి, గుర్తు వరకు 30 డిగ్రీల నీటితో నింపండి. లోపలి పదార్థం మొత్తం 1,100 గ్రాములు తూగితే నీరు 500 గ్రాములు, అంటే 502 మిల్లీలీటర్లు. మిగిలిన 498 మిల్లీలీటర్లు బురదవి కనుక దాని అసలు సాంద్రత 1,205. నేరుగా తూచినప్పుడు 1,188 వచ్చి ఉంటే, తేడా అంతా గాలిదే. అప్పుడు చేత్తో, తెడ్డు పైకి తేలకుండా, నిదానంగా కలిపిన కొత్త బురదతో పరీక్షను మళ్లీ మొదలుపెట్టాలి.

సేంద్రియ పదార్థం కుళ్లే రేవుల్లో బురదలోనే మీథేన్ పుడుతుంది. పది మీటర్ల లోతున పీడనం దాదాపు రెట్టింపు కనుక అక్కడ బుడగ పరిమాణం సగమే ఉంటుంది. పైకి తెచ్చిన బకెట్‌లో అది ఉబ్బుతుంది. అందుచేత అలాంటి నమూనా తూకాన్ని లోతులోని రీడింగుతో నేరుగా పోల్చకూడదు.

సమస్య: ఒక రేవులో సరిగ్గా పనిచేసిన ప్రోబు మరో రేవులో తప్పుతోంది.

దండాల కంపనం సాంద్రతతో పాటు బురద జిగటకూ స్పందిస్తుంది. ఆ రేవు బురదతోనే, కనీసం మూడు నాలుగు సాంద్రతల వద్ద మళ్లీ కాలిబ్రేట్ చేయండి.

దండం వంగడం, కేబుల్‌లో తడి చేరడం అరుదు. పైవన్నీ తేలాకే వాటిని అనుమానించండి, దండం వంగితే తయారీదారుకే పంపండి.