పారమీషియంలో ఆహార రిక్తికల రంగు మారడం చూడాలంటే

జీర్ణ ఎంజైములు జీవద్రవ్యంలో విడిగా తిరిగితే ఏకకణ జీవి అయిన పారమీషియం తననే తాను అరిగించుకుంటుంది. అందుకే అవి లైసోసోముల్లో, పొర లోపలే ఉంటాయి. తిండి మరో పొరసంచిలో, అంటే ఆహార రిక్తికలో చేరుతుంది. ఆ సంచిలో ఆమ్లత ఎలా మారుతుందో కాంగో రెడ్ పట్టించిన ఈస్ట్ తినిపించి చూడొచ్చు. ఈ రంగు పీహెచ్ 5 పైన ఎరుపు, 3 కన్నా తగ్గితే నీలం. పీహెచ్ తగ్గిందంటే ఆమ్లత పెరిగినట్టు.

3 గ్రాముల బేకరీ ఈస్ట్, 30 మిల్లీగ్రాముల కాంగో రెడ్‌ను 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి సన్న సెగ మీద 10 నిమిషాలు మరిగించండి. కాంగో రెడ్ క్యాన్సర్ ముప్పున్న రంగు. గ్లవ్స్ వేసుకోండి, వంటగిన్నెల జోలికి వెళ్లకండి. పూర్తిగా చల్లారాకే వాడాలి.

స్లైడ్ మీద పారమీషియం ఉన్న నీటిబొట్టు వేసి, పుల్ల మొనకు అంటినంత ఈస్ట్ మాత్రమే కలపండి. ఎక్కువైతే బొట్టంతా ఎర్రబడి ఏమీ కనిపించదు. రెండు మూడు నిమిషాలు తిననిచ్చి, నాలుగు దూది పోగులు వేసి కవర్‌స్లిప్ మూయండి. పోగుల మధ్య పారమీషియం పరుగు తగ్గుతుంది, నలిగిపోదు కూడా. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు పోస్తే చచ్చిపోతుంది. మైక్రోస్కోప్‌కు 40 ఎక్స్ ఆబ్జెక్టివ్ చాలు.

తిండి లోపలికి వెళ్లే నోటిగాడి అడుగున ఎర్రటి రిక్తిక ఏర్పడి, విడిపోయి, జీవద్రవ్యంతో పాటు కదులుతుంది. ఎసిడోసోములు, అంటే ఆమ్లతను పెంచే చిన్న పొరసంచులు, వచ్చి కలవగానే లోపల ఆమ్లత పెరిగి, కొద్ది నిమిషాల్లోనే ఊదా, ఆపై నీలం తేలుతుంది. ఒక్క రిక్తికనే పట్టుకుని చూడండి. చూపు మళ్లితే వరుస తప్పుతుంది.

చాలామంది రికార్డుల్లో ‘నీలం అంటే ఎంజైములు పనిచేస్తున్నాయి’ అని రాస్తారు. అది తప్పు. కాంగో రెడ్ ఆమ్లతనే చూపుతుంది, ఎంజైమును కాదు. నీలం దశకు లైసోసోములు ఇంకా పెద్దగా కలవలేదు. అవి కలిశాకే పీహెచ్ మళ్లీ పెరుగుతుంది, రిక్తిక తిరిగి ఎర్రబడుతుంది. అసలు అరుగుదల ఆ దశలోదే. కాబట్టి రెండో ఎరుపు కనిపించేదాకా ఆగండి. మొదటి ఎరుపు నోటిగాడి దగ్గర, రెండోది దానికి దూరంగా ఉంటుంది. అరగని పదార్థం చివరికి కణపాయువు, అంటే వ్యర్థాలు వెళ్లే చోటు, దగ్గర బయటపడుతుంది.

ఒకే చోట ఉంటూ ఉబ్బి, ఉన్నట్టుండి మాయమయ్యే రంగులేని బుడగ సంకోచ రిక్తిక. దానికి జీర్ణక్రియతో సంబంధం లేదు, అది నీటిని బయటికి తోడుతుంది.