తోపు కావిలి ముగించి ట్రాలీలో ఇల్లు చేరేటప్పుడు

జులై నెలాఖరుకు తోతాపురి మామిడి కోత అయిపోవస్తుంది. చిత్తూరు జిల్లాలో బంగారుపాళెం, పూతలపట్టు, ఐరాల చుట్టుపక్కల తోపుల్లో రెండు మూడు నెలలుగా గుడిసెలు వేసుకుని కావిలి ఉన్న కుటుంబాలు సామాను సర్దుకుంటాయి. పలమనేరు, కుప్పం వైపు పల్లెలకు తిరుగు ప్రయాణం. చాలామందికి బండి అంటే తోపు యజమాని ఇచ్చే ట్రాక్టరు ట్రాలీయే. చిన్నప్పుడు మా నాన్న వెంట నేనూ అలాగే ఇంటికి వచ్చాను. ఒకసారి చెరువు కట్ట మీద ట్రాలీని ట్రాక్టరుకు కలిపే పిన్ను ఊడిపోయింది. మూటల మీద నేను, అమ్మ, చెల్లెలు. ట్రాలీ వెనక్కి జారి తుమ్మ చెట్టుకు ఆనుకుని నిలిచింది. ఆ చెట్టు లేకపోతే కింద నీళ్లే. పిన్నుకు పెట్టాల్సిన క్లిప్పు బదులు ఎవరో బైండింగు వైరు చుట్టారని తర్వాత తెలిసింది.

అందుకే మొదటి మాట ఇది. సామానును ట్రాలీలో పంపండి, మనుషులు బస్సులో వెళ్లండి. 2025 జులైలో పుల్లంపేట దగ్గర చెరువు కట్ట మీద మామిడికాయల లారీ బోల్తా పడి, లోడు మీద కూర్చున్న కూలీలు తొమ్మిది మంది చనిపోయారు. బండి పక్కకు ఒరిగితే లోడు మీద ఉన్నవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఆ లోడే మీద పడుతుంది. ఛార్జీలకు డబ్బు ఎక్కడిది అంటారేమో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు మూటలో అడుగున పెట్టకుండా చేతి సంచిలో ఉంచుకోండి. మగవాళ్ల టికెట్టు డబ్బులు ఒక పూట కూలి కన్నా ఎక్కువ కావు. చంటిపిల్లను ట్రాలీలో ఒళ్లో పెట్టుకుని వెళ్లే అమ్మలను చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఆగినంత పనవుతుంది.

రాత్రి బయలుదేరడం రెండో తప్పు. ఇది మన చేతిలో లేదనిపిస్తుంది కానీ ఉంది. పగలంతా కాయలు మండీకి తోలి, సాయంత్రం ట్రాక్టరు ఖాళీ అయ్యాక యజమాని లెక్క తేలుస్తాడు. డబ్బు చేతికి రాగానే ఇక ఒక్క గంట కూడా ఉండబుద్ధి కాదు. లెక్క ఒకరోజు ముందే చూసుకోండి. అడ్వాన్సు ఎంత, మధ్యలో తీసుకున్నది ఎంత, రావాల్సింది ఎంత అని యజమాని ఎదుటే చీటీ మీద రాయించుకుంటే మర్నాడు ఉదయం టెన్షన్ లేకుండా కదలవచ్చు. పొద్దు గూకాక పలమనేరు నుంచి కుప్పం దాకా అడవి పక్క రోడ్ల మీద ఏనుగుల భయం కూడా ఉంది. కౌండిన్య అడవి నుంచి అవి తోటల్లోకి దిగేది ఎక్కువగా చీకటి పడ్డాకే. మామిడి, పనస పండ్లంటే వాటికి మహా ఇష్టం. ఇంటికని తెచ్చుకునే పండ్ల బుట్టలతో ఆ వేళలో అక్కడ ఉండకండి.

గుడిసె విప్పే పని తెల్లవారాక, బూట్లు వేసుకుని చేయండి. మూడు నెలలు కదలని బోదగడ్డి, కట్టెలు, ఎండుటాకుల కింద కట్లపాము, రక్తపింజరి, తేళ్లు చేరి ఉంటాయి. చేత్తో ఎత్తకుండా పొడవాటి కర్రతో లేపండి. పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం ఏదీ వద్దు. కాటు పడిన కాలు కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మంత్రం వేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి పోగొట్టుకునే గంటే ప్రాణం తీస్తుంది. పొయ్యి నిప్పు మీద నీళ్లు పోసి, మట్టి కప్పి, చేయి పెట్టి చూసి రండి. తోపులో పడి ఉన్న పురుగుమందు డబ్బాలు నీళ్లకు పనికొస్తాయని తెచ్చుకోవద్దు, ఎన్నిసార్లు కడిగినా ఆ విషం పోదు.

లోడు విషయంలో ట్రాలీ ముందు భాగం కాస్త బరువుగా ఉండాలి. రుబ్బురోలు, బియ్యం మూటలు ఇరుసుకు ముందు, అడుగున వేయండి. బరువంతా వెనక పడితే ట్రాలీ కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టరు పెద్ద చక్రాలకు పట్టు పోతుంది. బంగారుపాళెం, పలమనేరు మధ్య మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు అదే కొంప ముంచుతుంది. గ్యాస్ సిలిండరుకు రెగ్యులేటరు తీసి, మూత పెట్టి, నిలబెట్టి కట్టండి.

డ్రైవరును అడగడానికి మొహమాట పడకండి. దుక్కిలో మలుపు తిప్పడానికి ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకులు ఉంటాయి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లను కలిపే గొళ్లెం వేయాలి. వేయకుండా ఒక్కటే తొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది, వెనక ట్రాలీ అడ్డం తిరుగుతుంది. మన వైపు చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు కాబట్టి వెనక బరువంతా ట్రాక్టరు మీదే పడుతుంది. ఘాట్ మొదట్లోనే చిన్న గేరు వేసుకోవాలి, మధ్యలో మార్చకూడదు. దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేసే డ్రైవరుతో సామాను కూడా పంపకండి. పిన్నుకు క్లిప్పు ఉందా, ట్రాలీకీ ట్రాక్టరుకూ మధ్య గొలుసు ఉందా చూడండి. వెనక ఎర్ర రేడియం స్టిక్కరు మట్టి కప్పుకుని ఉంటే తడిగుడ్డతో తుడవండి. మసక వెలుతురులో వెనక వచ్చే లారీకి కనిపించేది అదొక్కటే. దారిలో బండి చెడితే చక్రాల కింద రాళ్లు పెట్టి, మనుషులు రోడ్డు దిగి దూరంగా నిలబడాలి. జాతీయ రహదారి మీదయితే సాయానికి 1033.

ఇల్లు చేరాక ఆత్రంగా పిన్ను పీకేయవద్దు. ముందు ట్రాలీ చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. సామాను దించేటప్పుడు ముందువి ముందే దించేస్తే బరువు వెనక్కి పోయి, పిన్ను తీయగానే కొక్కెం ఎగిరి మొహానికి తగులుతుంది. వెనక నుంచి దించుకుంటూ రండి, ఖాళీ అయ్యాకే పిన్ను తీయండి, అంతవరకు పిల్లలను అరుగు మీదే కూర్చోబెట్టండి.