మన కంటికీ చెవికీ అందనిదాన్ని ఇంట్లోనే పట్టుకోవడం ఎలా?

మా ఇల్లు హనుమకొండలో. గేటు దగ్గర పడుకున్న కుక్క ఉన్నట్టుండి లేచి చెవులు నిక్కబొడుచుకుంటుంది, కాసేపటికి బాపు బండి సందు మలుపు తిరుగుతుంది. అప్పటిదాకా మాకు ఏ చప్పుడూ వినపడదు. మనకు అందకుండా పోతున్నది ఎంత ఉందో చూద్దామని మొదలుపెట్టిన పనులివి. ఖర్చేం లేదు, ఒక్క సాయంత్రం చాలు.

ముందు టీవీ రిమోట్ తీసుకోండి. దాని ముందున్న చిన్న బల్బును చూస్తూ బటన్ నొక్కితే ఏమీ కనిపించదు. ఇప్పుడు ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, రిమోట్ అటు తిప్పి నొక్కండి, బల్బు తెల్లగానో ఊదాగానో మిణుకుమంటుంది. (వెనక కెమెరా కొన్ని ఫోన్లలో ఈ వెలుగును అడ్డుకుంటుంది.) మన కంటికి అందేది అల పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు ఉండే వెలుగు, రిమోట్‌ది 940 దగ్గర ఉంటుంది. ఇది ఎరుపుకు అవతలి సంగతి. ఊదాకు అవతల ఉండే అతినీలలోహిత కాంతి తేనెటీగకు కనిపిస్తుంది. మనకు పసుపుగా కనిపించే పొద్దుతిరుగుడు రేకుల మొదళ్లు దానికి ముదురు వలయంలా వేరుగా తెలుస్తాయి.

తర్వాత చెవి. ఫోన్‌లో టోన్ జనరేటర్ (మనం కోరినంత సన్నగా కూత పెట్టే) యాప్ వేసుకుని 8,000 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె పెరిగేకొద్దీ కూత సన్నబడుతుంది) నుంచి మెల్లగా పెంచుతూ పోండి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టుకుని ఎవరికి ఎక్కడ ఆగిపోతుందో రాసుకోండి. మామూలుగా ముందు పెద్దవాళ్లకు ఆగిపోతుంది, పిల్లలకు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. మనిషి చెవికి పై హద్దు 20,000, అదీ చిన్నతనంలో. కుక్కకు దాదాపు 45,000 దాకా వినిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: మీకు వినిపించడం లేదని సౌండ్ పెంచకండి, పక్కన ఉన్న పిల్లలకో కుక్కకో అది చెవుల్లో గుచ్చుకుంటుండొచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది చీమలది. వంటింటి గట్టు మీద కొంచెం బెల్లం పెట్టి, చీమలు వచ్చే దారిలో అగ్గిపెట్టె అంత కాగితం పరచండి. అరగంట వాటిని దాని మీదుగా నడవనిచ్చి, బారు కుదిరాక కాగితాన్ని అడ్డంగా తిప్పండి. మా ఇంట్లో చేసినప్పుడు ఒక చీమ కాగితం అంచుదాకా వచ్చి, తల మీది మీసాలు ఆడించి, వెనక్కి పోయి, మళ్లీ అక్కడికే వచ్చింది. జానెడు దూరంలో బెల్లం ఉంది! దానికి దారి అంటే ముందు నడిచినవి నేల మీద వదిలిన వాసన, మనకు మాత్రం అది ఉత్త తెల్ల కాగితం.

చీకటి పడే వేళ వరంగల్ కోట వైపు వెళ్లండి, కుదరకపోతే డాబా ఎక్కండి, పురుగుల కోసం తిరిగే చిన్న గబ్బిలాలను చూడండి. చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు వేరు, అవి కళ్లతో, ముక్కుతో తిరుగుతాయి. చిన్నవి అరుస్తూ, ఆ అరుపు పురుగుకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి దాన్ని పట్టుకుంటాయి. మన నెత్తిమీదే అరుస్తున్నా నిశ్శబ్దంగానే ఉంటుంది, ఎందుకంటే ఆ అరుపులు ఎక్కువగా 20,000 హెర్ట్జ్ పైనే. 1790లలో ఇటలీలో స్పల్లాంజని అనే శాస్త్రవేత్త కళ్లు పోయిన గబ్బిలాలు కూడా దేనికీ తగలకుండా ఎగరడం చూశాడు, చెవులు మూస్తే మాత్రం తగులుతున్నాయనీ ఆ రోజుల్లోనే తేలింది. అయినా కారణం అంతుపట్టలేదు, వాటి అరుపు ఎవరికీ వినపడలేదు మరి. 1938లో అమెరికాలో డోనల్డ్ గ్రిఫిన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఒక యంత్రంతో దాన్ని పట్టుకునేదాకా అంతే, అన్నేళ్లూ అడ్డుపడింది మన చెవే.

చివరగా కుక్క ఉన్నవాళ్లకు. భద్రకాళి చెరువు కట్ట మీదికి వాకింగ్‌కు తీసుకెళ్లినప్పుడు అది ఏ స్తంభం దగ్గరో ఆగితే గొలుసు గుంజకండి. మనం దారి పొడవునా చూస్తూ నడిచినట్టే అది వాసన చూస్తూ నడుస్తుంది, ఇంతకుముందు ఏ కుక్క వచ్చిపోయిందో అక్కడే తెలుసుకుంటుంది. తల ఎత్తేదాకా ఆగండి.