సంక్రాంతికి ఊరెళ్లే ముందు: పక్క తడిపే పిల్లలున్న ఇళ్ళకు జాగ్రత్తలు

మా చిన్నాడికి ఆరేళ్ళప్పటి సంగతి. సంక్రాంతికి కోనసీమలో మా అమ్మగారింటికి వెళ్లాం. హాల్లో బొంతలు వరసగా పరిచి పిల్లలందరినీ ఒకచోటే పడుకోబెట్టారు. భోగి రోజు తెల్లవారుజామున నాలుగింటికి అందరినీ లేపితే వాడి కింద బొంత తడిసి ఉంది. వరసకు మామయ్య అయ్యే పెద్దాయన ఒకరు, "దీన్ని కూడా భోగిమంటలో వేసేద్దామా?" అన్నారు. ఆయనకు వాడంటే ప్రాణం, సరదాకే అన్నారు. పిల్లలంతా నవ్వారు. వాడు మంట దగ్గరకు రాలేదు. తడి నిక్కరు మార్చుకోకుండా అరుగు మీద స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆ పండగ మూడు రోజులూ మధ్యాహ్నం భోజనం తరవాత చుక్క నీళ్ళు తాగలేదు. దాహమేస్తోందా అంటే తల అడ్డంగా ఊపాడు.

ఆ తరవాతి ఏడాది మేం ధనుర్మాసం మొదలయ్యేసరికే సిద్ధమయ్యాం. అప్పుడు పిల్లల డాక్టరు చెప్పినవీ మేం చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. పండగకు ఇంకా నెల ఉండగానే మొదలుపెడితేనే ఇవి పనిచేస్తాయి.

ముందు ఒక్క విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. వాడు కావాలని చేయడం లేదు. బద్ధకమూ కాదు. ఐదేళ్ళు నిండేదాకా పక్క తడవడాన్ని డాక్టర్లు అసలు సమస్యగానే లెక్కపెట్టరు. ఐదేళ్ళ పిల్లల్లో నూటికి 15 మంది దాకా ఇంకా పక్క తడుపుతారు. ఆ తరవాత ఏటా వాళ్ళలో నూటికి 15 మందికి ఏ వైద్యమూ లేకుండానే ఆగిపోతుంది. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఇంచుమించు సగం. ఇద్దరికీ ఉంటే నాలుగింట మూడు వంతులు. మా ఇంట్లో ఈ మాట బయటపడ్డాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రే వాడి పక్కన కూర్చుని, "నాక్కూడా ఎనిమిదేళ్ళ దాకా ఇలాగే ఉండేది రా" అని చెప్పారు. నాన్నకూ ఇలాగే ఉండేదని తెలిశాక వాడి ముఖం విప్పారడం నేను చూశాను. మీ ఇంట్లోనూ అలాంటివాళ్ళుంటే పిల్లలకు చెప్పండి.

శరీరంలో జరిగేది ఇదీ. రాత్రిపూట మూత్రం తక్కువగా తయారవ్వాలని మెదడు ఒక హార్మోన్ ద్వారా కిడ్నీలకు చెబుతుంది. కొందరు పిల్లల్లో అది ఇంకా సరిపడా రాదు. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో డాక్టర్లు ఒక చిన్న లెక్కతో అంచనా వేస్తారు: వయసుకు ఒకటి కలిపి ముప్పైతో గుణించాలి. ఏడేళ్ళవాడికి 240 మిల్లీలీటర్లు, అంటే సుమారు ఒక గ్లాసు. ఆ గ్లాసు నిండినా మెలకువ రాకపోతే పక్క తడుస్తుంది. ఇక చలికాలంలో చెమట పట్టదు. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం లోపలికి మళ్ళుతుంది, మూత్రం ఎక్కువవుతుంది. వేసవిలో వారానికి రెండుసార్లు తడిపే పిల్లలు జనవరిలో నాలుగుసార్లు తడిపితే అందుకే. వాడు వెనక్కి వెళ్ళిపోయాడని కంగారుపడక్కర్లేదు.

నెల ముందు నుంచి

అందరూ చేసే పొరపాటు సాయంత్రం నీళ్ళు ఆపేయడం. నేనూ చేశాను. అసలు తిప్పలు పగటిపూట ఉంటాయి. బళ్ళో బాత్రూం బాగుండదని చాలామంది పిల్లలు నీళ్ళు తాగరు, ఒంటికి వెళ్ళకుండా బిగబట్టుకుంటారు. ఇంటికొచ్చాక సాయంత్రమంతా దాహం తీర్చుకుంటారు. మావాడి నీళ్ళ సీసా రోజూ నిండుగానే తిరిగొచ్చేది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు రోజు మొత్తానికి 1000 నుంచి 1400 మిల్లీలీటర్లు కావాలి. ఇందులో పాలు, మజ్జిగ, సాంబారు లాంటివీ లెక్కే. దీన్ని పొద్దున్నుంచి మధ్యాహ్నానికి రెండు వంతులు, మధ్యాహ్నం నుంచి ఐదింటిదాకా రెండు వంతులు, ఆ తరవాత ఒక్క వంతు అన్నట్టు పంచాలి. పడుకోవడానికి గంటన్నర ముందు నుంచి పాలగ్లాసు వద్దు. దాహమేస్తే రెండు గుక్కల నీళ్ళు మాత్రం ఇవ్వండి, దాహంతో పడుకోబెట్టకండి. టీ, కాఫీ, కూల్‌డ్రింకులు పిల్లలకు ఎలాగూ వద్దు.

పగలు రెండు మూడు గంటలకోసారి ఒంటికి వెళ్ళే అలవాటు చేయించండి. క్లాసు టీచరుతో విడిగా మాట్లాడితే నూటికి తొంభైమంది అర్థం చేసుకుంటారు. ఈ మాట పిల్లల ముందు, వేరే తల్లుల ముందు ఎత్తకండి.

రెండోది మలబద్ధకం. నేను అస్సలు ఊహించనిది ఇదే. పేగు చివర గట్టి మలం నిండిపోతే అది పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, పట్టే చోటు తగ్గిపోతుంది. రోజూ వెళ్తున్నాడు కదా అనుకుంటాం, కానీ గట్టిగా, ఉండలుగా వెళ్తుంటే అదీ మలబద్ధకమే. జామకాయ, చిలగడదుంప, ఆకుకూర పప్పు రోజూ ఏదో ఒకటి పడేలా చూడండి. పొద్దున టిఫిన్ అయ్యాక పది నిమిషాలు తొందరపెట్టకుండా కూర్చోబెట్టండి. కాళ్ళు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేయాలి. పదిహేను రోజులు చేసినా మారకపోతే డాక్టరుకు చెప్పండి, మందు అవసరం కావచ్చు. మావాడికి ఈ ఒక్కటి సరిదిద్దితేనే పొడి రాత్రులు పెరిగాయి. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను.

రాత్రి దురద పెడుతోందంటే నులిపురుగులేమో చూపించండి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఆ రోజు పిల్లలు మింగారో లేదో కనుక్కోండి. నోరు తెరుచుకుని గురక పెట్టే పిల్లలకు ముక్కు వెనక గ్రంథులు పెరిగి ఉండొచ్చు. దానికీ పక్క తడవడానికీ సంబంధం ఉంటుంది.

పండగ వారం రోజుల్లో ఉందనగా మొదలుపెట్టకూడనిది అలారం. తడి తగలగానే మోగి లేపే పరికరం అది. మంచిదే, చాలామందికి పనిచేస్తుంది. కానీ ఫలితం రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పదిమంది పడుకున్న హాల్లో అర్ధరాత్రి అది మోగితే పిల్లవాడి పరువు పోతుంది. బడి సెలవుల హడావుడి అయ్యాక మొదలుపెట్టుకోండి.

ఊళ్ళో పక్క

ముందు ఫోన్ చేసి ఆ ఇంట్లో ఒక్కరికి చెప్పండి. ఒక్కరికే. ఎవరికి చెబుతున్నామో పిల్లవాడికి కూడా తెలియాలి. మావాడు అమ్మమ్మను ఎంచుకున్నాడు. "అమ్మా, చిన్నాడికి నిద్రలో ఇంకా పట్టు రాలేదు. వాడు మా గదిలోనే పడుకుంటాడు. ఎవరూ ఏమీ అనకుండా చూడు" అని చెప్పాను. "పక్క తడిపే అలవాటు" అనే మాట వాడకండి. అలవాటు అనగానే మానిపించాలనే మాట వస్తుంది, మానిపించడానికి తలా ఒక చిట్కా వస్తుంది. నువ్వులూ బెల్లమూ ఉండ చేసి పెడతామంటే పెట్టనివ్వండి, పండగకు ఎలాగూ తింటారు. తాయెత్తు కడతామన్నా నేను గొడవపడను. వాత పెడితే పోతుందని ఎవరైనా అంటే మాత్రం పిల్లవాణ్ణి ఎత్తుకుని అక్కణ్ణుంచి వచ్చేయండి. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

ఇప్పుడు పక్క వేసే పద్ధతి. ఊళ్ళలో బూరుగు దూది పరుపులుంటాయి. ఒకసారి లోపలికి తడి దిగితే జనవరి ఎండకు మూడు రోజులైనా ఆరవు. అందుకని మీ సామాను మీరే తీసుకెళ్ళండి. పరుపు మీద ముందు రబ్బరు షీటు, దాని మీద ఒక పాత నూలు దుప్పటి. దాని మీద మళ్ళీ ఇంకో రబ్బరు షీటు, ఆ పైన ఇంకో దుప్పటి. అంటే రెండు పక్కలు ఒకదాని మీద ఒకటి. రాత్రి రెండింటికి తడిస్తే పైనున్న షీటూ దుప్పటీ కలిపి చుట్టి పక్కన పెడితే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. లైటు వేయక్కర్లేదు, పెట్టె తెరవక్కర్లేదు, ఎవరినీ లేపక్కర్లేదు. దిండు కింద ఒక నిక్కరు, ఒక చిన్న తువ్వాలు పెట్టుకుంటే ఫోన్ టార్చి వెలుతురులో రెండు నిమిషాల పని. చంటిపిల్లలకు వాడే డ్రై షీట్లలో పెద్ద సైజు దొరుకుతుంది, రబ్బరు షీటు చల్లగా తగులుతోందనే పిల్లలకు అది బాగుంటుంది. తడిసిన రబ్బరు షీటు దొడ్లో దండెం మీద అందరికీ కనపడేలా ఆరేయకండి. పెరటి గోడ మీదో, మేడ మీదో వేయండి. వాసన ఉంటే పరుపు మీద కాస్త వంట సోడా చల్లి ఎండబెట్టి దులిపేయండి.

బాత్రూం దొడ్లో దూరంగా ఉంటే అదే పెద్ద అడ్డంకి. మెలకువ వచ్చినా చీకటికి, కుక్కలకు భయపడి పిల్లలు లేవరు. "మెలకువ వస్తే నన్ను తట్టు, నేను వస్తాను" అని పడుకునే ముందు రోజూ చెప్పండి. వెలుతురు ఉన్నప్పుడే ఒకసారి దారి చూపించండి. మరీ దూరమైతే గదిలో ఒక మూల మూత ఉన్న బకెట్ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. పడుకునే ముందు రెండుసార్లు వెళ్ళాలి: కథ చెప్పే ముందు ఒకసారి, కథ అయ్యాక ఒకసారి. పండగ రాత్రుల్లో పెద్దవాళ్ళం ఎలాగూ పదకొండు దాకా కబుర్లలో ఉంటాం. మనం పడుకోబోయే ముందు లేపి తీసుకెళ్ళొచ్చు. అయితే నిద్రలోనే ఎత్తుకెళ్ళి పోయించకండి. వాడు కళ్ళు తెరిచి, మనతో రెండు మాటలు మాట్లాడి, తన కాళ్ళతో తాను నడవాలి. దీనివల్ల ఆ రాత్రి పొడిగా గడవచ్చు, సమస్య మాత్రం నయం కాదు.

పండగ పిండివంటల్లో జంతికలు, చేగోడీలు సాయంత్రం ఐదు లోపే ముగించండి. ఉప్పు తిన్నాక పిల్లలు నీళ్ళు తాగకుండా ఉండలేరు. రాత్రి భోజనం ఏడున్నరకల్లా పెట్టేయండి.

ప్రయాణం రాత్రి బస్సులో అయితే కింది బెర్తు తీసుకోండి. ఎక్కే ముందు ఒకసారి, దారిలో ఎక్కడ ఆగినా ఒకసారి దించండి. ఆ ఒక్క రాత్రికి డైపర్ ప్యాంటు వేయడం తప్పు కాదు. కానీ వాణ్ణి అడిగి వేయండి.

మందుల సంగతి

పెళ్ళికో పండగకో నాలుగు రోజులు పొడిగా ఉండేందుకు డాక్టర్లు డెస్మోప్రెసిన్ మాత్ర రాయడం ఉంది. ఇందాక చెప్పిన హార్మోన్ చేసే పనే అది చేస్తుంది. దీన్ని మెడికల్ షాపులో అడిగి మీరే తెచ్చి వేయకండి. మాత్ర వేయడానికి గంట ముందు నుంచి వేశాక ఎనిమిది గంటల వరకు దాదాపు నీళ్ళు తాగకూడదు. తాగితే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పదిమంది పదిచోట్ల నీళ్ళో, పాలో, చెరుకురసమో ఇచ్చే పండగ ఇంట్లో ఈ నియమం నిలబడుతుందా అని మీరే ఆలోచించుకోండి. మేం వద్దనుకున్నాం. వాడేటట్టయితే ఊళ్ళో మొదటిసారి కాకుండా ముందే ఇంట్లో డాక్టరు చెప్పినట్టు వేసి చూసుకోవాలి.

కొన్ని లక్షణాలకు పండగ అయ్యాక చూద్దాం అనుకోకూడదు. ఆర్నెల్లకు పైగా పొడిగా ఉన్న పిల్లలు ఉన్నట్టుండి మళ్ళీ తడపడం, విపరీతమైన దాహం, పదేపదే ఒంటికి వెళ్ళడం, చిక్కిపోవడం కలిసి కనిపిస్తే అదే రోజు షుగర్ పరీక్ష చేయించండి. పిల్లల్లో వచ్చే షుగర్ వ్యాధి ఇలాగే బయటపడుతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదకొస్తుంది. మంట, జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు. పగలు కూడా చుక్కలు చుక్కలుగా కారుతున్నా, ధార సన్నగా వస్తున్నా, నడక మారినా, నడుము కింద సొట్టో వెంట్రుకల గుత్తో ఉన్నా చూపించాలి. ఇంట్లో కొత్త బిడ్డ రావడం, బడి మారడం, గొడవలు కూడా మళ్ళీ మొదలయ్యేలా చేస్తాయి. పిల్లలు దేనికైనా భయపడుతున్నారేమో, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమో నెమ్మదిగా అడగండి.

భోగి తెల్లారి

ఆ ఏడాది నేను మూడున్నరకే లేచాను. ఇల్లు ఇంకా నిద్రలో ఉంది. వాడి పక్క తడిసింది. పై దుప్పటీ షీటూ చుట్టి బకెట్లో వేశాను, గోరువెచ్చని నీళ్ళతో వాడి నడుము కింద కడిగి పొడిబట్టలు వేశాను. ఒంటికి తీసుకెళ్ళాను. ఏడేళ్ళవాడికి సాయం చేసే అవకాశం ఇవ్వండి, దుప్పటి రెండో కొస వాడే పట్టుకున్నాడు. అది శిక్షలా ఉండకూడదు, ఇద్దరం కలిసి చేసే పనిలా ఉండాలి. మెచ్చుకోవడం కూడా పొడిగా లేచినందుకు కాదు, అది వాడి చేతిలో లేదు. నీళ్ళు వేళకు తాగినందుకు, పడుకునే ముందు గుర్తుపెట్టుకుని వెళ్ళొచ్చినందుకు మెచ్చుకోండి.

నిప్పుతో ఆడితే పక్క తడుపుతావని మా అమ్మమ్మ అనేది. మీ ఇంట్లోనూ ఎవరైనా అంటే అది నిజం కాదని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మంట చూసి వాళ్ళు దూరంగా జరుగుతారు. నైలాను స్వెట్టర్లు కాకుండా నూలుబట్టలు వేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. అందరూ లేచి వచ్చేసరికి మావాడు పిడకల దండ మెడలో వేసుకుని అరుగు దిగి నిలబడి ఉన్నాడు.

తిరుగు ప్రయాణానికి ఆ రబ్బరు షీటు బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. కనుమ మర్నాటి బస్సూ రాత్రి బస్సే.