లాజికల్ రీజనింగ్, 6వ పాఠం: పైకి అనని మాటను పట్టుకోవడం

పోయిన పాఠంలో కంక్లూజన్ చూశాం. అది చెప్పిన మాట నుంచి తేలేది. ఈసారి అజంప్షన్. ఇది మాట కంటే ముందే ఉంటుంది. అన్నవాళ్లు మనసులో అనేసుకుని, నోటితో అనకుండా వదిలేస్తారు.

విశాఖ మద్దిలపాలెంలో ఉండే అక్క తమ్ముడితో అంది: "నీ పరీక్ష సెంటర్ గాజువాకలో కదరా, ఎన్‌ఏడీ జంక్షన్ దాటి వెళ్లాలి. రెండు గంటల ముందే బయల్దేరు." దారిలో లేటయ్యే అవకాశం ఉందని, లేటైతే నష్టమని ఆమె అనుకునే ఉండాలి. 'ఎన్‌ఏడీ దగ్గర రోజూ ట్రాఫిక్ ఆగిపోతుంది' అని మాత్రం అనుకోనక్కర్లేదు. ఎప్పుడో ఓసారి ఆగినా ఆ సలహా సలహాయే.

మరి పరీక్ష హాల్లో ఎలా తేల్చాలి? ఆప్షన్‌ను తిరగేయండి, అంటే దానికి వ్యతిరేకమైన మాట అనుకోండి. తిరగేశాక అసలు వాదన కూలిపోతే అది అజంప్షన్. నిలబడితే కాదు. చాలామంది ఈ తిరగేయడం దగ్గరే తప్పుతారు. 'అందరూ వస్తారు'కు వ్యతిరేకం 'ఎవరూ రారు' కాదు, 'కనీసం ఒకరు రారు'. 'కొందరు వస్తారు'ను తిరగేసినప్పుడే 'ఎవరూ రారు' అవుతుంది. ఇది నోటికి వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏటా ఎండాకాలంలో మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి కదా, దాని మీదే.

స్టేట్‌మెంట్: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి, వేట ఆపితే చేపల సంతతి పెరుగుతుంది.

అ) ఆ కాలంలో వేట వల్ల సంతతికి ఎంతో కొంత దెబ్బ తగులుతుంది.
ఆ) చేపలన్నీ ఆ రెండు నెలల్లోనే గుడ్లు పెడతాయి.
ఇ) నిషేధ కాలంలో మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది.

'అ'ను తిరగేస్తే 'ఏ దెబ్బా తగలదు'. ఇక వేట ఆపి ఏం లాభం? వాదన కూలింది, ఇదే అజంప్షన్. 'ఆ'ను తిరగేస్తే కొన్ని చేపలు వేరే నెలల్లో పెడతాయి. పెట్టనీయండి, మిగతావాటి వల్ల సంతతి పెరుగుతుంది. వాదన నిలబడింది, ఇది అజంప్షన్ కాదు. 'అన్నీ', 'మాత్రమే', 'ఎప్పుడూ' కనిపిస్తే ఆగి రెండోసారి చదవండి.

'ఇ' దగ్గర జాగ్రత్త. మన రాష్ట్రంలో భృతి ఇస్తారన్నది నిజమే. అయినా నిజం కావడం వేరు, అజంప్షన్ కావడం వేరు. 'భృతి లేకపోతే నిషేధాన్ని ఎవరు పాటిస్తారు సార్?' అని అడిగేవాళ్లు ఉంటారు. మంచి ప్రశ్నే, కానీ స్టేట్‌మెంట్ 'వేట ఆపితే' అంది. ఎవరు, ఎందుకు ఆపుతారన్న గొడవలోకి అది వెళ్లలేదు, మనమూ వెళ్లకూడదు.

సాధన: 'అలలు ఉద్ధృతంగా ఉంటాయి, స్నానానికి దిగవద్దు' అని ఆర్కే బీచ్‌లో బోర్డు పెట్టారు. వీటిలో అజంప్షన్లు ఏవి?
1) బీచ్‌కి వచ్చేవాళ్లలో కొందరైనా స్నానానికి దిగే అవకాశం ఉంది.
2) బోర్డు చదివినవాళ్లెవరూ నీళ్లలోకి దిగరు.
3) బోర్డు చదివి కొందరైనా ఆగుతారు.

జవాబులు 7వ పాఠంలో.