ఆటలాడే విద్యార్థులు సొంత పేరుతో సంపాదించడం ఎలా?

అమెరికాలో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో డబ్బు సంపాదించుకోవడానికి అక్కడి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2021 జూలై 1న గానీ ఒప్పుకోలేదు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు పిల్లలు అంత పెద్ద ఒప్పందాల కోసం చూడక్కర్లేదు. ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు.

ముందు కాగితాలు చూసుకోండి. స్పోర్ట్స్ హాస్టల్లో ఉన్నా, స్కాలర్‌షిప్ వస్తున్నా ప్రకటనలు చేయవచ్చేమో అడిగి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

తరవాత వీడియోలు. ఇంట్లో తెలుగు, గ్రౌండ్‌లో ఒడియా మాట్లాడటం సరిహద్దు పిల్లలకు పెద్ద ఆస్తి. ఒకే వీడియోను రెండు భాషల్లో చేస్తే ఇటు గంజాం, అటు శ్రీకాకుళం రెండూ చూస్తాయి. కబడ్డీ రైడర్ కాలు ఎలా చాపాలి, బార్‌బెల్ ఎలా పట్టుకోవాలి లాంటివి అర నిమిషంలో చూపించండి. 2010 కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన కాటూలు రవికుమార్ బరంపురం వెయిట్‌లిఫ్టరే. డాన్స్ రీల్స్ ఎవరైనా చేస్తారు. మీ ఆట మీకే వచ్చు.

యూట్యూబ్ యాడ్స్ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు (చిన్న వీడియోలకు) కోటి వ్యూస్ గానీ ఉండాలి. ఈలోగా స్పోర్ట్స్ షాపు, జిమ్, టిఫిన్ సెంటర్ వాళ్లను కలవండి. ఆడిన పోటీలు, సర్టిఫికెట్లు, వీడియోలకు వచ్చే వ్యూస్ ఒక పేజీలో రాసివ్వండి. ఫాలోవర్లు ఎందరన్నదానికన్నా ఏ ఊరివాళ్లన్నదే దుకాణదారుకు ముఖ్యం. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ అకౌంట్‌లో ఆ వివరం కనిపిస్తుంది. టీషర్ట్ ఇచ్చి సరిపెడతామంటే మొహమాటపడకండి, రేటు చెప్పండి. వేసవిలో చిన్నపిల్లలకు కోచింగ్ ఇచ్చినా నాలుగు డబ్బులొస్తాయి.

ఒప్పందంలో ఏ ఫొటో, ఎక్కడ, ఎన్ని నెలలు వాడతారో ఉండాలి. ‘ఎప్పటికీ’ అన్న మాట కనిపిస్తే సంతకం పెట్టకండి. 18 ఏళ్లు నిండనివారి సంతకం చెల్లదు కాబట్టి అమ్మానాన్నలు ముందుండాలి. పాన్ కార్డు మైనర్లకూ ఇస్తారు. డబ్బు తీసుకుని పెట్టిన పోస్టులో అది ప్రకటన అని స్పష్టంగా రాయాలి.

డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌ల ప్రచారం జోలికి పోవద్దు. 2025 చట్టం ప్రకారం అది నేరం. ప్రోటీన్ పౌడర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. ప్రచారం కోసమని తాగిన డబ్బాలో నిషేధిత పదార్థం ఉంటే, తెలియక తాగినా డోప్ పరీక్షలో బాధ్యత ఆటగాడిదే.